ఇంటి లెక్కలు: ముచ్చటపడి బాగుచేయించుకొన్న సైకిలు వెల



ఈ మాసము వచ్చిన జాబులలో విశాఖపట్టణమునుండి యొక సోదరి వ్రాసిన జాబు మిక్కిలి దీర్ఘమైనది. ఆమె యడిగినది బంగారమునుగుఱించి గాదు, చీట్లనుగుఱించి గాదు, తన సైకిలునుగుఱించి. అదియు మన వీధులలో పాలవాడు త్రొక్కు సైకిలు గాదు. పొట్టేలు కొమ్ములవలె క్రిందికి వంగిన హ్యాండిలు, సన్నని టైర్లు, అల్యూమినియపు ఫ్రేము గల వేగపు సైకిలు. రోడ్డు బైకు అందురు. బరువు పాలవాని సైకిలులో ఇంచుమించు సగము. సైకిలు సంగతి మనకేల యని పుట త్రిప్పివేయకుడు. కుట్టుమిషను గాని, వీణ గాని, స్త్రీ తన సొమ్ముతో కొని, తన చేతికి అనువుగా బాగుచేయించుకొన్న యే వస్తువునైనను అమ్మవలసి వచ్చినప్పుడు ఈ చిక్కులే కలుగును.

ఆమె వ్రాసిన లెక్క యిది. 2019లో ఒక అధ్యాపకునివద్ద ఆ సైకిలును 24,000 రూపాయలకు కొన్నది. పిల్లలకు పాఠములు చెప్పి కూడబెట్టిన ధనము. తెల్లవారుజామున భీమునిపట్టణపు సముద్రతీరపు బాటను పోయి, పిల్లలు లేచునప్పటికి ఇల్లు చేరెడిది. 2021లో గేర్ల సామగ్రి యంతయు మార్పించినది, 38,000. దానితోపాటు చక్రములు, 17,000. టైర్లు 4,000, సీటు 3,500, పాదరక్షను పట్టుకొని యుండు పెడళ్ళును వానికి తగిన జోళ్ళును కలిపి 9,000. మొత్తము 95,500 రూపాయలు. ఇప్పుడామెకు బి.ఎడ్. చదువునకు 42,000 రూపాయలు జూన్ మాసాంతములోపల కట్టవలసి యున్నది. ఆమె 75,000 ఆశించుచున్నది. భర్త 20,000 వచ్చిన చాలునను చున్నాడు. మరమ్మతుచేయు నతడు 45,000 అన్నాడట. అత్తగారు, ‘పాత సైకిలున కింత గొడవ యేల? మఱదికి ఊరక యిచ్చివేయుము’ అనుచున్నారు. ‘వీరిలో ఎవరి మాట న్యాయము?’ అని ప్రశ్న.

వెలను గూర్చి చెప్పవలెనన్న, మరమ్మతువాని మాటయే సత్యమునకు దగ్గరగా నున్నది. సోదరికి ఇది కష్టముగా తోచవచ్చును. మనము ఒక వస్తువునకు పెట్టిన ఖర్చు వేఱు, అది నేడు కొనువానికి చేయు ఉపకారము వేఱు. ఇంటికి ముచ్చటపడి చెక్కించిన ద్వారబంధమునకు ఎంత పోసితిమో కొనువాడు విచారింపడు. తలుపు సరిగా పడుచున్నదా యని మాత్రము చూచును. అందులోను 2020, 2021 సంవత్సరములలో కరోనా వ్యాధి మూలమున ప్రపంచమంతట సైకిలు సామగ్రికి కఱవు వచ్చి వెలలు పెరిగినవి. ఆ కఱవుకాలపు వెలను నేటి కొనుగోలుదారు మోయనక్కఱలేదు.

గేర్ల సంగతి కొంచెము వివరింతును. మొదట ఆ సైకిలునకు షిమానో వారి క్లారిస్ అను సామగ్రి, వెనుక ఎనిమిది పళ్ళచక్రములతో నుండెడిది. ఆమె దానిని తీయించి అదే సంస్థవారి 105 అను సామగ్రిని, పదునొకండు పళ్ళచక్రములు గలదానిని, పెట్టించినది. (షిమానో జపానులోని సకాయి పట్టణమున 1921లో వెలసిన కర్మాగారము.) మంచి సామగ్రి, సందేహము లేదు. కాని అదే 105 పేరుతో పండ్రెండు పళ్ళచక్రముల సామగ్రి, 2022లో విద్యుత్తుతో గేర్లు మారునదియు, 2023లో తీగతో మారునదియు, బజారునకు వచ్చినది. కావున పదునొకండు చక్రములది చక్కగా పనిచేయుచున్నను వాడుకలో ఒక మెట్టు దిగినది. క్రొత్త రకము వచ్చిన పిదప పాత మిక్సీకి పట్టిన గతియే.

చక్రములపై పెట్టిన 17,000 కేవలము వేడుకకు గాదు. పదునొకండు పళ్ళచక్రముల గుత్తి సామాన్యముగా ఎనిమిదింటికై చేసిన పాత వెనుకచక్రపు ఇరుసుగూటిపై పట్టదు. అది ఇంచుమించు రెండు మిల్లీమీటర్లు పొడవుగా నుండవలెను. అందువలన గేర్లు మార్చినప్పుడు వెనుకచక్రమును మార్చక తీరలేదు. ఈ సంగతి నేనింతగా చెప్పుటకు కారణము గలదు. ‘క్రొత్త చక్రములు తీసి విడిగా నమ్ముకొని పాతవి బిగించి యిచ్చెదను’ అని ఆమె వ్రాసినది. అట్లు చేసినచో గేర్లు పనిచేయవు. చక్రములును గేర్లును జంట, విడదీయరాదు.

విడదీయదగినవి వేఱుగా నున్నవి. పెడళ్ళు తీసి పాత బల్లపరుపు పెడళ్ళను బిగింపవచ్చును. ఆ పెడళ్ళు అలవాటులేనివారికి మొదట భయమును గూడ కలిగించును. సీటు ఆమె శరీరమునకై యెంచినది. మఱియొకరికి సరిపడునని చెప్పలేము. పాత సీటు అటకమీద నున్నదట, దానినే పెట్టి యిచ్చుట మేలు. జోళ్ళు కాలి కొలతవి. వానికి వెల కట్టవలదు. అన్నిటికంటె ముఖ్యముగా, తీసివేసిన క్లారిస్ సామగ్రి అట్టపెట్టెలో భద్రముగా నున్నదని వ్రాసినది. దానిని కోరువారు ఉందురు. చవుక సైకిళ్ళు బాగుచేసికొనువారికి అది పనికివచ్చును. మన ఇండ్లలో ‘ఎందుకైనను ఉండనీ’ యని అటకనెక్కించిన వస్తువులు దుమ్ము పట్టుటయే గాని సొమ్ము తెచ్చుట అరుదు. ఈ పెట్టె మాత్రము తెచ్చునట్లున్నది.

ఇక నా అంచనా. మార్పులు లేని అట్టి సైకిలునకు నేడు 18,000. గేర్లకు 14,000. చక్రములకు 7,000. టైర్లు వేసి రెండు మాసములే యైనదట గనుక 2,000. వెరసి 41,000. విడిగా, పెడళ్ళకు 2,500, సీటునకు 1,200, పాత సామగ్రికి 4,000. అన్నియు కలిసి 48,700 రూపాయలు. చైను, బ్రేకు రబ్బర్లు, బిగింపు కూలి, వీనికి నేనేమియు కట్టలేదు. అవి త్రొక్కినకొలది అరిగి, ఆమెకు సుఖమిచ్చి, తీరిపోయిన ఖర్చులు. బేరమునకు మొదట 45,000 చెప్పి, 38,000 క్రిందికి దిగకుండుట మంచిదని నా తలంపు. ఊరిని బట్టి ఇందు రెండుమూడు వేలు అటునిటు కావచ్చును. ప్రకటనలలో అదే జాతి సైకిళ్ళకు ఎంత చెప్పుచున్నారో వారము దినములు చూచి సరిచేసికొనవలెను.

అమ్మబోవుటకు ముందు సైకిలును పరీక్షించుకొనవలెను. కొనువాడు తప్పు పట్టుకొనినయెడల వేయి తగ్గించు చోట మూడువేలు తగ్గించును. మనమే ముందు చెప్పినయెడల వేయితో పోవును. పరీక్షకు పెద్ద పనిముట్లు అక్కఱలేదు. కుట్టుపనికి వాడు ఉక్కు స్కేలు తీసికొనుడు (గుడ్డ టేపు సాగును, పనికిరాదు). చైనులో ఒక మేకు నడుమనుండి మఱియొక మేకు నడుమకు అర అంగుళము. క్రొత్త చైనులో ఇరువదినాలుగు అరలు కొలిచినచో సరిగా 12 అంగుళములు వచ్చును. అంగుళములో పదునాఱవ వంతు హెచ్చినచో చైను మార్చవలెను. ఎనిమిదవ వంతు హెచ్చినచో చైనుతోపాటు వెనుక పళ్ళును పాడైయుండును. ఇది రెండు నిమిషముల పని.

సముద్రతీరమున నివసించువారికి మఱియొక చిక్కు గలదు. ఉప్పుగాలి అల్యూమినియమునకును ఉక్కు మరలకును నడుమ చేరి తెల్లని పొడిగా పూయించి, రెండింటిని అతికించివేయును. సీటు క్రింది గొట్టము సంవత్సరములకొలది కదలింపక యున్నచో ఫ్రేములో పట్టుకొనిపోవును. అప్పుడు సీటును ఎత్తుటకు గాని దించుటకు గాని వీలుండదు. ఆమె యెత్తు గలవారికి తప్ప మఱెవ్వరికిని ఆ సైకిలు పనికిరాదు. కావున మర వదులుచేసి గొట్టము తిరుగుచున్నదో లేదో ఈ దినమే చూడవలెను. తిరిగినచో బయటికి తీసి తుడిచి పలుచగా గ్రీజు రాసి పెట్టవలెను. తిరుగకున్నచో బలవంతపెట్టక మరమ్మతువానికి చూపవలెను. బ్రేకులు రిమ్మును పట్టు రకమైనచో రిమ్ము ప్రక్కలను వ్రేలితో తడవి చూడుడు. లోపలికి గుంటపడి యున్నచో అరిగినదని యర్థము.

ఇప్పుడు జాబు చివర చిన్న అక్షరములతో వ్రాసిన సంగతికి వచ్చుచున్నాను. 2022లో ఋషికొండ దగ్గర ఆమె ఒకమారు జారి పడినదట. మోకాలు గీచుకొనిపోయినది. సైకిలు ముందు ఫోర్కుమీద, అనగా ముందుచక్రమును పట్టుకొను రెండు కాళ్ళలో ఒకదానిమీద, గీత పడినది. ‘తరువాత వేలకొలది కిలోమీటర్లు త్రొక్కితిని, ఏమియు కాలేదు. అడిగినచో చెప్పుము, అడుగకున్న ఎత్తవలదని మావారనుచున్నారు. ఏమి చేయుదును?’ అని యడిగినది.

చెప్పవలెను. అడిగినను అడుగకున్నను చెప్పవలెను. ఆ ఫోర్కు కార్బను నారతో చేసినది. ఇనుము వంగును; వంగినది కంటికి కనబడును. కార్బను వంగదు. లోపల పొర విడిపోయి, పైన రంగు చెక్కుచెదరక, కొన్నాళ్ళు నిలిచి, ఒకనాడు హఠాత్తుగా విరుగును. ఆ దినము దానిమీద నున్నది ఎవరో మనము ఎఱుగము. కైలాసగిరి దిగువబాటలో ముందుచక్రము ఊడినయెడల మొదట నేలకు తగులునది ముఖము. వేయి రూపాయలు హెచ్చుగా వచ్చుటకై ఈ మాటను దాచుట బేరపు నేర్పు కాదు. భర్తగారు దుర్బుద్ధితో నన్నారని నేననుకొనను. వాహనముల బేరములలో అందఱును ఇట్లే యందురు, విని విని మనకును అది సహజమైపోయినది.

అట్లని భయపడి ఊరకుండనక్కఱలేదు. మెత్తని నూలుగుడ్డతో గీత పొడుగునను, రెండు ప్రక్కలను తుడిచి చూడుడు. నార లేచియున్నచో దారము పట్టుకొనును. రూపాయి బిళ్ళతో మెల్లగా తట్టుచు పొండు. అంతట ఖంగుమని ఒకచోట మొద్దుగా పలికినచో అనుమానింపవలెను. ఈ రెండును అనుమానము పుట్టించుటకే గాని తీర్చుటకు గావు. తీర్పునకు మరమ్మతువానిచేత ఫోర్కును పూర్తిగా విప్పించి, ఫ్రేములో దాగియుండు గొట్టమును, అది కాళ్ళతో కలియు చోటును దీపపు వెలుతురున చూపించుకొనవలెను. చీలిక కనబడినచో దానిని రంపముతో రెండుగా కోయించి పారవేసి, క్రొత్త ఫోర్కు వేయించి, ఆ ఖర్చును అంచనాలో తగ్గించుకొనవలసినదే. చీలిక లేకున్నను, ‘2022లో పడినది, విప్పి చూపించితిమి, ఇదిగో గీత’ అని ప్రకటనలోనే ఛాయాచిత్రముతో చూపవలెను. అది చూచి కొందఱు వెనుకకు పోవుదురు. పోనిండు.

మఱదికి ఊరక యిచ్చుటను గూర్చి. అత్తగారిమాట తీసివేయుట నా యుద్దేశము గాదు. ఇంటిలో ఒకరి వస్తువు ఒకరు వాడుకొనుట మన సంసారముల అందము. కాని ఈ సైకిలు ఆమె కష్టార్జితము. 1956 హిందూ వారసత్వ చట్టము 14వ విధి ప్రకారము హిందూ స్త్రీ స్వాధీనమందున్న ఆస్తికి, స్థిరమైనను చరమైనను, తన నేర్పుచేత సంపాదించుకొన్నదైనను, ఆమెయే పూర్ణస్వామిని. చట్టమును భోజనాల గదిలోనికి తీసికొనిరావలదు. అది తెలిసియుండిన గొంతు స్థిరపడును, అంతియే. ‘అత్తయ్యగారూ, ఇది నా చదువునకు కట్టవలసిన సొమ్ము. మఱిది కావలెనన్న బయటివారికి చెప్పిన వెలకే, ముందుగా ఆయనకే యిత్తును’ అని మెల్లగా చెప్పిన సరిపోవును. పైగా ఆ ఫ్రేము 50 సెంటీమీటర్లది. మఱిది భర్తగారికంటెను పొడగరి యని తానే వ్రాసినది. మోకాళ్ళు హ్యాండిలునకు తగులును. ఊరక యిచ్చినను రెండవ వారమున గోడకు చేరును.

తమిళనాట పుదుక్కోట జిల్లాలో 1990వ దశాబ్దపు తొలినాళ్ళలో అక్షరాస్యతా ఉద్యమముతోపాటు వేలకొలది గ్రామస్త్రీలు సైకిలు నేర్చుకొన్నారు. ఆడువారి సైకిళ్ళు చాలక పురుషుల సైకిళ్ళనే త్రొక్కిరి. కొందఱకు అవియే నచ్చినవట, ముందు కడ్డీమీద బిడ్డను కూర్చుండబెట్టుకొనవచ్చునని. ఎవరి కొలతకు చేసినదో యని వారు ఆగలేదు. అయితే వారు పోయినది నీళ్ళకును పొలమునకును. గంటలకొలది వంగి త్రొక్కు ఈ జాతి సైకిలునకు కొలత కుదరనిచో నడుమునొప్పి తప్పదు.

ప్రకటన చిన్నదిగా, నిజముగా వ్రాయుడు. ‘ముచ్చటగా చూచుకొన్నది’, ‘కన్నబిడ్డవంటిది’ అను మాటలు వలదు. అవి కొనువానికి తెలియజేయునది ఏమియు లేదు. ఫ్రేము కొలత, కొన్న సంవత్సరము, మార్చిన సామగ్రి పేరు, మార్చిన నెల, చైను కొలత, గీత సంగతి, వెల. రసీదులున్నచో ఉన్నవని వ్రాయుడు. ఇంటి చిరునామా వ్రాయవలదు. చూడవచ్చువారిని పగటిపూట, నలుగురు తిరుగు చోటికి రమ్మనుడు, ప్రక్కన ఒకరుండవలెను. త్రొక్కి చూచెదనన్నచో చూడనిండు, అది న్యాయమే, కాని వెలలో సగమైనను చేతికిచ్చి త్రొక్కవలెను.

మోసగాండ్ర సంగతి అందఱు సోదరీమణులును గుర్తుంచుకొనవలెను. సైనికోద్యోగినని చెప్పుకొనుచు, వస్తువును చూడకయే, బేరమాడకయే, ‘ఇప్పుడే సొమ్ము పంపుచున్నాను, ఈ గళ్ళబొమ్మను మీ ఫోనుతో చూపి రహస్యాంకె నొక్కుడు’ అనువారు కలరు. సొమ్ము పుచ్చుకొనుటకు రహస్యాంకె ఎన్నడును నొక్కనక్కఱలేదు. అది సొమ్ము పోవుటకే నొక్కవలసినది. బేరమాడని కొనుగోలుదారుని చూచినచో మన అమ్మమ్మలు తలుపు వేసెడివారు. పొరపాటున సొమ్ము పోయినయెడల 1930 అను సంఖ్యకు ఆ క్షణముననే ఫోను చేయవలెను.

ఆమెకు అప్పుడే ఇద్దఱు కొనువారు దొరికినారట. ఒకరు ఆఱడుగుల పెద్దమనిషి. 43,000 ఒకేమారు ఇత్తునన్నాడు. ఆయనకు సైకిలు అక్కఱలేదు. గేర్లును చక్రములును తీసికొని తన సైకిలునకు బిగించుకొని, ఫ్రేమును పాతసామానువానికి వేయును. రెండవది కళాశాలలో చదువు పిల్ల, అయిదడుగుల మూడంగుళముల పొడవు. 36,000, అదియు రెండు వాయిదాలలో. ‘మనసు పిల్లవైపు, లెక్క పెద్దమనిషివైపు’ అని సోదరి వ్రాసినది.

లెక్కయు పిల్లవైపే యున్నదని నా యభిప్రాయము. పిల్లతో 38,000కు బేరము కుదుర్చుకొని, పెడళ్ళు, సీటు, పాత సామగ్రి విడిగా నమ్మినచో 45,700 వచ్చును, కట్టవలసినది 42,000. పెద్దమనిషి మొత్తమునకే 43,000 అనుచున్నాడు గదా. ఆయనకు ఆ పెడళ్ళను 2,500కు చూపుడు, తీసికొనును. ఆయన చేయబోవునది తప్పనుటలేదు. కొన్నవాడు తన వస్తువును విప్పుకొనవచ్చును. కాని చదువు రుసుము నిండుచుండగా సైకిలును సైకిలుగా నుంచు చేతికిచ్చుటకు ఆమెకు అడ్డమేమున్నది? పిల్లను ఒకమారు ఫ్రేముమీద కాళ్ళు నేల కానించి నిలువబెట్టి చూడుడు. పై గొట్టమునకును శరీరమునకును నడుమ ఒకటి రెండంగుళములు ఖాళీ యుండవలెను. గీత సంగతి పిల్లకు మాత్రమే గాక తల్లిదండ్రులలో ఒకరికి గూడ చెప్పుడు.

వాయిదాలలో మెత్తదనము పనికిరాదు. మొదట 22,000 పుచ్చుకొనుడు. మిగిలిన 16,000 జూన్ 20లోపల ముట్టవలెను. అది ముట్టువఱకు సైకిలు మీ ఇంటనే యుండవలెను. గడువు దాటినచో మొదటి సొమ్ము పైసతో సహా తిరిగి యిచ్చి పెద్దమనిషికి కబురు పంపుడు. ఆ 22,000 అందాక ముట్టుకొనవలదు.

రసీదు తప్పక వ్రాయవలెను. పూర్వము అనేక పురపాలక సంఘములు సైకిళ్ళకు పన్ను పుచ్చుకొని లోహపు బిళ్ళ యిచ్చెడివి. ఇప్పుడు మోటారు బండ్లకువలె సైకిలునకు నమోదు లేదు, కావున ఈ కాగితమే ఆధారము. పెడళ్ళ ఇరుసు క్రింద, ఫ్రేము అడుగున ఒక సంఖ్య చెక్కియుండును. సైకిలును తలక్రిందులు చేసి చూచి వ్రాసికొనుడు. ‘ఫలానా సంఖ్యగల సైకిలును ఫలానా తేదీని ఇంత సొమ్మునకు అమ్మితిని. 2022లో పడిన సంగతియు ఫోర్కుమీది గీతయు చూపితిని. సొమ్ము పూర్తిగా ముట్టినది’ అని రెండు ప్రతులు వ్రాసి ఇద్దఱును చేవ్రాలు చేయవలెను. అధ్యాపకుడు 2019లో ఇచ్చిన కాగితమున్నచో దానిని గూడ పిల్లకే యిచ్చివేయుడు. గాలిపంపును అడుగకున్నను ఇవ్వవలెను. సన్నని టైర్లకు వీధిలోని పంపు పట్టకపోవచ్చును.